ఆవకాయ సీసాతో గూఢచర్యం

నేను రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు ఒక గాజుపలక ఇచ్చారు. దాని మీద నా పేరు, పేరు కింద ‘నమ్మకానికి రక్షకురాలు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క చెక్కించారు. మావారు దాన్ని టీవీ పక్కన నిలబెట్టారు. ఇంటికొచ్చిన పిల్లలు అది చదివి, "అబ్బో, ఏం చేసేవారు ఆంటీ?" అని అడుగుతారు. పాస్‌వర్డులు మార్చుకోమని జనాన్ని సతాయించేదాన్ని అని చెబుతాను. అది నిజమే. కాకపోతే నా ఉద్యోగం మొత్తంలో ఒకే ఒక్కసారి, ఒక శనివారం పొద్దున, ఓ గంటన్నరపాటు నేను గూఢచర్యం కూడా చేశాను. ఆ సంగతి గాజుపలక మీద లేదు. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీలాంటివాళ్ళకు పనికొస్తుందని ఇప్పుడు రాస్తున్నాను. మీకు పనికిరాకపోయినా చెప్పుకుంటే నాకు కాస్త తేలికగా ఉంటుంది.

మాది కెనడాలో, టొరంటో ఉత్తరాన నార్త్ యార్క్‌లో ఒక మాదిరి కంపెనీ. పళ్ళ డాక్టర్లు పంపిన ఇన్సూరెన్స్ క్లెయిములు సరైనవో కాదో చూడటం మా వ్యాపారం. ఎవరి దవడలో ఏ పన్ను పీకారు, అది అంతకుముందు పీకిన పన్నేనా, ఇలాంటి ప్రశ్నలతో రెండు అంతస్తుల నిండా జనం కూర్చుని ఉండేవాళ్ళు. నాది సమాచార భద్రత విభాగం. విభాగం అంటే నేనూ, ఒక ప్రింటరూ.

కోవిడ్ తర్వాత వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేయవచ్చన్నారు. అన్నారే కానీ మా డైరెక్టర్‌కి నిద్ర పట్టలేదు. ఇంట్లో కూర్చుని జనం నిజంగా దంతాలే చూస్తున్నారా, లేక సీరియళ్ళు చూస్తున్నారా అని ఆయన బెంగ. దాంతో కాల్గరీలో ఉన్న ఒక కంపెనీ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. అది ప్రతి ఉద్యోగి కంప్యూటర్‌లో కూర్చుని, కీబోర్డూ మౌసూ కదులుతున్నాయో లేదో చూస్తుంది. కదిలితే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క. కాసేపు ఆగితే పసుపు. ఇంకాసేపు ఆగితే ఎరుపు.

మా ప్రావిన్సు ఒంటారియోలో ఇలాంటివాటికి ఒక చట్టం ఉంది. ఉద్యోగుల్ని కంప్యూటర్లతో గమనిస్తుంటే ఆ సంగతి కాగితం మీద రాసి వాళ్ళ చేతికివ్వాలి. చట్టం చూడొద్దనలేదు, చూస్తున్నామని చెప్పమంది, అంతే. ఆ కాగితం రాయడానికి ఒక కమిటీ వేశారు. డైరెక్టరు, హెచ్ఆర్ హెడ్‌గా ఉన్న ఆవిడ, నేను.

మూడు వారాలు కూర్చున్నాం. రెండున్నర వారాలు ఆ సాఫ్ట్‌వేర్‌కి పేరు పెట్టడానికే సరిపోయాయి. ‘ట్రాకింగ్’ అందామంటే అది పార్సిళ్ళకి వాడే మాట అన్నారు. ‘మానిటరింగ్’ అంటే ఆసుపత్రిలో ఉన్నట్టుందన్నారు. ‘స్పై’ అన్న మాట నేను పొరపాటున నోరుజారితే హెచ్ఆర్ ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "దయచేసి ఆ భాష వద్దు" అంది. చివరికి ‘కేర్’ అని పెట్టారు. ఉద్యోగుల పట్ల శ్రద్ధ అన్నమాట. కాగితంలో ఆఖరి వాక్యం మాత్రం నేనే రాశాను. ‘ఏ ఉద్యోగినీ ఆ ఉద్యోగికి తెలియకుండా గమనించడం ఈ సంస్థలో జరగదు.’ అది చదివి హెచ్ఆర్ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకూ గర్వంగానే అనిపించింది.

ఆ సాయంత్రం మావారికి చెప్పాను. ఆయన ఒకప్పుడు ఒంగోలు దగ్గర జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరరు. ఇక్కడికొచ్చాక ఒక కాండో బిల్డింగులో సెక్యూరిటీ గార్డుగా చేరారు. ఉద్యోగం మారింది కానీ పాఠం చెప్పే అలవాటు పోలేదు.

"అయితే మీరు చేసేది గూఢచర్యం కాదు" అన్నారు తీరిగ్గా యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ.

"నేనూ అదే అంటున్నా" అన్నాను.

"నువ్వంటే సరిపోదు, ఎందుకు కాదో తెలియాలి. గూఢం అంటే దాచిపెట్టింది. చారి అంటే తిరిగేవాడు. గూఢచారి పని చూడటం అనుకుంటారు అందరూ. చూడటం నేనూ చూస్తాను, పన్నెండు గంటలు అదే పని. కానీ ఈ బట్టలేసుకుని ద్వారం దగ్గర కూర్చుంటాను. నేను చూస్తున్నానని వచ్చేవాడికి తెలుసు. అది కాపలా. గూఢచారి తను ఎవరో దాచుకుని లోపలికొస్తాడు. పూర్వం రాజులు వేగులవాళ్ళని పంపితే సన్యాసి వేషమో, వర్తకుడి వేషమో వేసుకుని వెళ్ళేవాళ్ళు. అవతలివాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి అన్నం పెట్టేవాళ్ళు. అక్కడుంది ఆ మాటలో విషం."

"క్లాసు అయిపోయిందా?" అన్నాను. కరెంటు బిల్లు గురించి ఏదో అని ఇస్త్రీపెట్టె ఆపేయించాను.

కేర్ వచ్చింది. మొదటి నెలలోనే మా ఆఫీసులో మనుషులు కొత్త విద్యలు నేర్చుకున్నారు. ఒకాయన ఫోను మాట్లాడుతూ మోచేత్తో స్పేస్ బార్ నొక్కేవాడు. ఒకావిడ పిల్లిని కీబోర్డు మీద పడుకోబెట్టుకునేది. ఆ పిల్లి ఆ నెల మంచి ఉద్యోగుల జాబితాలో మూడో స్థానంలో వచ్చింది. రోజంతా మీటింగుల్లో ఉండే డైరెక్టరుగారి చుక్క మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎర్రగానే ఉండేది. రెండు వారాలు చూసి ఆయన పేరు జాబితాలోంచి తీసేయమన్నారు. నాయకత్వ స్థాయిలో పనిని చుక్కలతో కొలవలేమట.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. మా క్లెయిముల విభాగంలో వరంగల్ అమ్మాయి ఒకతె ఉండేది. ముప్ఫై లోపే. భర్త గంట దూరంలో ఉన్న ఒషావాలో విడిగా ఉండి చదువుకుంటూ శని, ఆదివారాలు ఒక స్టోర్‌లో పని చేసేవాడు. ఈమె వర్క్ పర్మిట్ మా కంపెనీకే కట్టేసి ఉంది. ఇక్కడ ఉద్యోగం పోతే పర్మిట్‌తో ఇంకో చోట చేరడానికి లేదు. పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేసి కంపెనీ ఇచ్చే ఉద్యోగపు లెటర్ కోసం ఎదురుచూస్తోంది. ఆ లెటర్ మీద వాళ్ళిద్దరి బతుకూ ఆధారపడి ఉంది. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? అడిగాను కనుక. మొదటిసారి లంచ్‌రూమ్‌లో కలిసినప్పుడే ఏ ఊరు, ఏ కాలేజీ, అద్దె ఎంత, పీఆర్ ఎంతవరకు వచ్చింది, పిల్లలెప్పుడు అన్నీ పెరుగన్నం తినేలోపు అడిగేశాను. మనవాళ్ళు కనబడితే అలా అడగకపోతే మర్యాద కాదన్నట్టు పెరిగాం. ఆ అమ్మాయి కూడా నవ్వుతూ అన్నిటికీ జవాబులు చెప్పింది. ఆ రోజు నుంచి నేను ఆంటీని.

పని విషయంలో ఆ విభాగంలో ఆమెని మించినవాళ్ళు లేరు. మిగతావాళ్ళకి కొరుకుడుపడని క్లెయిములన్నీ ఆమెకే వచ్చేవి. గురువారం ఇంటి నుంచి పని చేసే రోజు. ఆ మధ్యాహ్నం వాటిని ముందేసుకుని, కాగితం మీద దవడ బొమ్మ గీసుకుని, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ చూసేది. ఏ డాక్టరు ఎక్కడ తప్పు రాశాడో అలాగే పట్టుకునేది. కాగితం మీద పెన్సిల్ కదిలితే కేర్‌కి తెలియదు కదా. వారమంతటిలో ఆమె నిజంగా బుర్ర పెట్టి పనిచేసే ఆ గంటే చుక్క ఎర్రబడేది. మేనేజరు రెండుసార్లు మెయిల్ పెట్టాడు, ‘అంతా బాగానే ఉందా?’ అని. కేర్ భాషలో బెదిరింపు అలాగే ఉండేది. మూడో గురువారం నుంచి ఆ గంట కూడా పచ్చగా వెలిగింది.

ఒక శుక్రవారం పొద్దున డైరెక్టరు నన్నూ హెచ్ఆర్ ఆవిడనూ అర్జెంటుగా పిలిచి తలుపు వేశారు. తెర మీద కాల్గరీ కంపెనీ నిపుణుడు ఉన్నాడు. మొహం చాలా గంభీరంగా పెట్టుకుని ఒక గ్రాఫు చూపించాడు.

"ఇది మీ క్లెయిముల విభాగంలో గురువారాలు ఇంటి నుంచి పనిచేసే ఒకామె కంప్యూటరు. ప్రతి గురువారం మధ్యాహ్నం మౌస్ ఇలా కదులుతోంది. ఒకే దిశలో, ఒకే వేగంతో. మనిషి చెయ్యి ఇలా కదలదు. మొదటి విడత సుమారు అరగంట. మధ్యలో అక్కడక్కడా రెండు మూడు సెకన్ల విరామం. తర్వాత ఐదారు నిమిషాలు పూర్తిగా నిశ్శబ్దం. ఆ తర్వాత రెండో విడత, మొదటిదానికన్నా తక్కువ సేపు. ఆరు వారాలుగా ఇదే వరస. మా అంచనా ప్రకారం బయటి నుంచి ఎవరో ఈ యంత్రాన్ని నడుపుతున్నారు. రెండు విడతల్లో సమాచారం బయటికి వెళుతోంది."

"బయటి నుంచి అంటే?" అన్నారు డైరెక్టరు. ఆయన గొంతులో భయంకన్నా ఆశే ఎక్కువ వినిపించింది.

"విదేశీ శక్తులు కావని ఇప్పుడే చెప్పలేం."

హెచ్ఆర్ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒంటారియో ప్రజల దంతాల రహస్యాలు ఏ పరాయి దేశానికి కావాలో నాకర్థం కాలేదు. డైరెక్టరుగారికి మాత్రం ఇరవై ఏళ్ళ సర్వీసులో తన కంపెనీ మొదటిసారి ఎవరికో ముఖ్యమైందని తెలిసి కళ్ళు మెరుస్తున్నాయి. పోలీసులకు చెప్పాలన్నారు. ముందు ఆ అమ్మాయి లాగిన్ ఆపేయాలన్నారు. లెటర్ సంగతి హెచ్ఆర్ ఆవిడే ఎత్తి, అది సంతకానికి సిద్ధంగా ఉందని, పక్కన పెట్టేస్తానని అంది.

నేను గ్రాఫు వైపే చూస్తున్నాను. అరగంట. మధ్యమధ్య రెండు మూడు సెకన్లు. ఐదారు నిమిషాలు ఖాళీ. తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు. ఈ వరస నేనెక్కడో చూశాను. చూడటం కాదు, విన్నాను. పాతికేళ్ళుగా వారం వారం మా వంటింట్లోంచి వింటున్నాను.

మినప్పప్పు అరగంట. మధ్యలో నీళ్ళు పోయడానికి ఆపడం. పిండి తీసి గిన్నెలోకి ఎత్తడం. తర్వాత బియ్యం.

అది వెట్ గ్రైండరు. ఇక్కడి చలికి దోసెలపిండి ఊరికే పులవదు, ఒవెన్‌లో లైటు వేసి ఒక రోజు పైన ఉంచాలి. శనివారం పొద్దున దోసెలు కావాలంటే గురువారమే రుబ్బాలి. ఆ అమ్మాయి తిరిగే గ్రైండరుకి మౌస్ ఆనించి, పక్కన కూర్చుని పెన్సిల్‌తో దవడలు గీస్తోంది.

అప్పుడే నోరు తెరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. ముగ్గురు తెల్లవాళ్ళ ముందు విదేశీ శక్తుల గ్రాఫు మీద వేలు పెట్టి ‘ఇది మినప్పప్పు’ అనడానికి సిగ్గేసింది. పొరపాటైతే నవ్వులపాలవుతానని భయం వేసింది. సాక్ష్యంతో వచ్చి అందరినీ ఆశ్చర్యపరచాలని లోపల ఎక్కడో సరదా కూడా పుట్టింది, అది ఒప్పుకోవాలి. "నాకు సోమవారం దాకా టైమివ్వండి" అన్నాను.

"ఆమె మీకు బయట కూడా తెలుసా?" అన్నారు డైరెక్టరు.

"బాగా తెలుసు. ఎప్పుడంటే అప్పుడు వాళ్ళింటికి వెళ్ళేంత చనువుంది."

"అయితే మంచిది. కాస్త జాగ్రత్తగా చూడండి. ఆమెకు అనుమానం రాకుండా."

వెంటనే ఫోను చేశాను. "శనివారం అటు వస్తున్నా, నీకు ఆవకాయ తెచ్చిస్తా" అన్నాను. "అయ్యో రండి ఆంటీ, ముందే చెప్తె ఇంక మంచిగుండు, ఏమన్న స్పెషల్ చేద్దును" అంది. "ఏమీ వద్దు, దోసెలు వేస్తే చాలు" అన్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

శనివారం పొద్దున మావారు డ్యూటీకి బయల్దేరుతూ సీసా చూశారు. "ఎవరికి?" అన్నారు. చెప్పాను, గ్రాఫుతో సహా. ఆయన టోపీ సర్దుకున్నారు.

"అంటే వేగు వెళుతున్నావన్నమాట."

"ఆ పిల్లని కాపాడటానికి వెళుతున్నా. గ్రైండరని రుజువైతే విదేశీ గొడవ పోతుంది."

"కావచ్చు. కాపాడటానికి పంపినవాళ్ళు కూడా ఉండేవాళ్ళు పూర్వం. వాళ్ళనీ ఆ మాటతోనే పిలిచేవారు" అని వెళ్ళిపోయారు. యూనిఫాం వేసుకున్న మనిషికి నీతులు చెప్పడం తేలిక అని విసుక్కున్నాను.

వాళ్ళ ఫ్లాటు ఫించ్ మెట్రో స్టేషన్‌కి దగ్గర, పదహారో అంతస్తు. తలుపు తీస్తూనే నా కోటు అందుకుని, సీసా మూత తీసి వాసన చూసి, "మా అమ్మ పెట్టినట్టే ఉంది ఆంటీ" అంది. నన్ను హాల్లో కూర్చోనివ్వకుండా వంటింట్లోకే తీసుకెళ్ళింది. స్టూలు వేసింది. పెనం పెట్టింది.

గ్రైండరు ప్లాట్‌ఫాం మీదే ఉంది. స్టీలు డ్రమ్ము చుట్టూ తెల్లకాగితం చుట్టి సెలోటేపు వేసి ఉంది. మౌస్‌లోని వెలుతురు మెరిసే స్టీలు మీద సరిగా పనిచేయదు, కాగితం మీద చేస్తుంది. ఆ సంగతి ఆలోచించి మరీ చుట్టింది. పక్కన రెండు బియ్యం డబ్బాల మధ్య మౌస్ నిలబెట్టడానికి అట్టముక్కతో చేసిన చిన్న గూడు కూడా ఉంది. నాకు లోపల ముచ్చటేసింది. నా విభాగంలో ఇలాంటి బుర్ర ఒక్కటుంటే ప్రింటరుతో ఒంటరిగా ఉండేదాన్ని కాదు.

మొదటి దోసె వేసింది. నెయ్యి వేసింది. "మీకు ఎక్కువ వేసిన ఆంటీ, ఏం గాదు, ఒక్క రోజే గద" అంది. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి, నా ఆవకాయ. తిన్నాను. చాలా బాగుంది. రెండో దోసె వేస్తూ అటు తిరిగింది.

"మీ పీఆర్ ఎంతవరకొచ్చింది?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కనుక.

"ఆ లెటర్ కోసమే చూస్తున్న ఆంటీ. సోమవారం ఇస్తమన్నరు. అదొక్కటి వస్తె చాలు, ఇద్దరం ఒక దగ్గర ఉంటం. ఈయనకు ఒషావాలో ఒక్కడికి వండుకునుడు రాదు, ఊకె నూడుల్స్ తింటడు." పెనం మీద గరిటె తిప్పింది. "ఆంటీ, ఆఫీసుది మీకొక ముచ్చట చెప్పాలె. చాన రోజుల నుంచి చెప్దామనుకుంటున్న. ఆ కేర్ వచ్చినప్పటి నుంచి నేను..."

ఆమె తనంతట తను చెప్పేస్తే ఎలా? నన్ను నమ్మి చెప్పిన మాటని సోమవారం మీటింగులో పెట్టలేను. చెప్పకముందు కనిపెట్టింది అయితే అది నా పరిశోధన. చెప్పాక తెలిసింది అయితే అది ఆమె రహస్యం. ఒక్క క్షణంలో ఇంత న్యాయశాస్త్రం నా బుర్రలోకి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"అబ్బ, శనివారం కూడా ఆఫీసు గొడవేనా! సోమవారం మాట్లాడుకుందాంలే. ముందు ఆ దోసె తిప్పు, మాడుతోంది" అన్నాను.

"సరే ఆంటీ" అని నవ్వి అటు తిరిగింది. నేను ఫోను తీసి టైము చూసుకుంటున్నట్టు నటించి గ్రైండరుని ఫోటో తీశాను. కెమెరా చప్పుడు ముందే ఆపి ఉంచుకున్నాను. ఇంకో రెండు దోసెలు తిని, కాఫీ తాగి, "మళ్ళీ వస్తా" అని చెప్పి వచ్చేశాను.

సోమవారం పొద్దున మీటింగు. తెర మీద కాల్గరీ నిపుణుడు మరింత గంభీరంగా ఉన్నాడు. నేను ఫోటో పెట్టాను. దోసెలపిండి గురించి పది నిమిషాలు మాట్లాడాను. నానబెట్టడం, రుబ్బడం, పులియబెట్టడం. నా ఉద్యోగంలో అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు. నిపుణుడు గ్రాఫునీ గ్రైండరునీ మార్చిమార్చి చూశాడు. "రెండో విడత?" అన్నాడు నీరసంగా. "బియ్యం" అన్నాను. విదేశీ శక్తులు ఆ మాటతో మా కంపెనీని వదిలి వెళ్ళిపోయాయి. డైరెక్టరుగారి మొహంలో నిరాశ దాచుకున్నా దాగలేదు.

"అయితే ఇది మోసం. కేర్‌ని మభ్యపెట్టడం. ఉద్యోగం నుంచి తీసేయవచ్చు" అన్నారాయన.

ఆ పిల్ల చేసే పనంతా చెప్పాను. కాగితం, పెన్సిలు, దవడలు, ఆమె పట్టుకున్న తప్పులు. నేను ఊహించుకున్న గొప్ప ఘట్టం ఇదే. ఆయన వినడం లేదని నాకు నెమ్మదిగా తెలిసింది. ‘తొలగింపు’ అన్న మాట ఆయన నోట్‌బుక్‌లో అప్పటికే రాసి ఉంది.

అప్పుడు హెచ్ఆర్ ఆవిడ గొంతు సవరించుకుంది. "ఈ ఫోటో మీరు ఎక్కడ తీశారు?"

"వాళ్ళింట్లో."

"మీరు కంపెనీ తరఫున వచ్చారని ఆమెకు తెలుసా?"

"తెలియదు."

ఆవిడ మా పాలసీ కాగితం తీసి, ఆఖరి వాక్యం పైకి చదివింది. నేను రాసిన వాక్యం. ఏ ఉద్యోగినీ ఆ ఉద్యోగికి తెలియకుండా గమనించడం ఈ సంస్థలో జరగదు.

"జరిగింది" అంది ఆవిడ. "ఈ ఫోటో ఆధారంగా మనం ఆమెను తీసేస్తే, ఆమె లాయరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మన పాలసీని ఉల్లంఘించింది ఆమె కాదు." ఆవిడ చూపు నా మీద ఆగింది. తన సంగతి నేనెక్కడ ఎత్తుతానో అని డైరెక్టరు నోట్‌బుక్ మూసేశారు. అనుమానం రాకుండా చూడమన్నది ఆయనే కదా. నేను ఎత్తలేదు.

మొత్తానికి అలా తేలింది. గ్రైండరు ఫైలు మూసేశారు. నిపుణుడి నివేదికలో ‘హానికరం కాని గృహోపకరణం’ అని ఒక లైను వచ్చింది. కాల్గరీ కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్‌ని సరిచేసింది, గ్రైండర్లనీ ఫ్యాన్లనీ గుర్తుపట్టేలా. పిల్లుల్ని మాత్రం ఇప్పటికీ పట్టలేకపోతోందట. నాకొక మందలింపు లెటర్ వచ్చింది. మూడేళ్ళ తర్వాత గాజుపలక ఇచ్చేటప్పుడు ఆ ఫైలు ఎవరూ తీసి చూడలేదు, ఎందుకంటే ఫైళ్ళు భద్రపరిచేది నేనే. ఆ అమ్మాయి ఉద్యోగం నిలిచింది. పీఆర్ లెటర్ మీద ఆ మధ్యాహ్నమే సంతకమైంది. నేను అనుకున్నట్టే జరిగిందని, కాస్త దెబ్బ తగిలినా కాపాడేశానని నాకు నేను చెప్పుకుంటూ కూర్చున్నాను.

పాలసీలో ఇంకో నియమం ఉంది. అదీ నేను రాసిందే. ఎవరినైనా తెలియకుండా గమనించినట్టు తేలితే ఆ ఉద్యోగికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా. పీఆర్ లెటరూ ఈ లెటరూ ఆమెకి ఒకే కవర్లో వెళ్ళాయి.

మర్నాడు లంచ్‌రూమ్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. డబ్బా తెరవలేదు.

"వాళ్ళు చూస్తరని తెలుసు ఆంటీ. చూస్తమని కాగితం ఇచ్చిన్రు, సంతకం పెట్టిన. అందుకే గ్రైండర్ పెట్టుకున్న. తప్పే, కాదంటలేను" అంది.

"నీ ఉద్యోగం నిలబెట్టాలనే వచ్చానమ్మా" అన్నాను.

"నేను చెప్త అన్న గద ఆ రోజు. మీరే వద్దన్నరు."

అవును, వద్దన్నాను. ఊరు, కాలేజీ, అద్దె, పిల్లలు, అన్నీ అడిగినదాన్ని. అడగకుండానే చెప్పబోయిన ఒక్క విషయం దగ్గర మాత్రం నోరు మూయించాను. చెబితే వేషం జారిపోతుంది కాబట్టి. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పలేకపోయాను. మావారు ఇస్త్రీ చేసుకుంటూ చెప్పిన పాఠం అప్పుడు అర్థమై ఏం లాభం.

"ఫోటో తీసిన్రు అని రాసిన్రు. చూపిస్తరా?" అంది.

ఫోను ఇచ్చాను. గ్రైండరు స్పష్టంగా ఉంది. కాగితం, సెలోటేపు, అట్టగూడు, అన్నీ. దాని వెనక పొయ్యి దగ్గర ఆమె వీపు, జడ, ఎత్తిన మోచెయ్యి. నేను మీటింగు కోసం ఆ భాగం కత్తిరించి చూపించాను, అసలు ఫోటోలో అలాగే ఉంది. చాలాసేపు చూసింది.

"ఇది రెండో దోసె" అంది. "మీకే వేస్తున్న."

ఫోను బల్ల మీద పెట్టి, డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. పీఆర్ వచ్చాక భార్యాభర్తలిద్దరూ కాల్గరీ వెళ్ళిపోయారని తర్వాత వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. పాలసీ ప్రకారం ఆ ఫోటో ఏడు రోజుల్లో చెరిపేయాలి. చెరిపేశానని సంతకం పెట్టి ఇచ్చాను, చెరపలేదు. గూఢచర్యం అంటే ఏమిటని మీలో ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే.